రోకలిబండ దేశాటనం

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం, జంతుశాస్త్ర విద్యార్థి)

తొలకరి జల్లులు పడి నేల మెత్తబడిందంటే చాలు, మా గజపతినగరం వైపు పల్లెల్లో రెండు రకాల జీవులు భూమిలోంచి పైకి వస్తాయి. ఒకటి ఎర్రని ముఖమల్ గుడ్డతో కుట్టినట్టుండే ఆరుద్ర పురుగు. దానికి కార్తె పేరే పెట్టి మన పెద్దలు గౌరవించారు. రెండోది రోకలిబండ. దీనికి ఆ గౌరవం దక్కలేదు. గోడ మీద పాకితే చీపురుతో ఊడ్చి అవతల పారేస్తారు. నూతి గట్టు మీద కనిపిస్తే చెప్పుతో నొక్కేస్తారు. పిల్లలైతే పుల్లతో ముట్టుకుని, అది చుట్ట చుట్టుకుంటే చప్పట్లు కొడతారు.

ఇలాంటి అల్పజీవి గురించి కళాశాల సంచికలో ఒక వ్యాసమా అని మిత్రులు నవ్వవచ్చు. కాని ఆలోచించండి. దీనికి రెక్కలు లేవు. ఈత రాదు. పరుగు అసలే రాదు. ఎండ తగిలితే వడిలిపోతుంది. అయినా దీని జాతులు కొన్ని సముద్రాలు దాటి, తమవి కాని ఖండాల్లో కాపురాలు పెట్టాయి. నడవలేనివాడు కాశీకి ఎలా చేరాడు అన్నదే ఈ వ్యాసంలో నేను విప్పదలచుకున్న మొదటి ముడి. ఇది రైతుకు మేలు చేసేదా, కీడు చేసేదా అన్నది రెండో ముడి. రైతు బిడ్డను కాబట్టి నాకు రెండోదే ముఖ్యం. కాని మొదటిది తెలియకుండా రెండోదానికి సమాధానం దొరకదు.

జెర్రి వేరు, రోకలిబండ వేరు

జెర్రినీ రోకలిబండనూ చాలామంది ఒకే గాటన కడతారు. శతపాది, సహస్రపాది అని మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేర్లు కూడా ఈ గందరగోళానికి కొంత కారణం. వందకీ వెయ్యికీ ఉన్న తేడాయే వాటి మధ్య తేడా అనిపిస్తుంది. అసలు భేదం కాళ్ళ సంఖ్యలో లేదు, కాళ్ళ అమరికలో ఉంది. జెర్రి శరీరంలో ఒక్కొక్క ఖండితానికి ఒక్క జత కాళ్ళు. రోకలిబండకు ఒక్కో ఉంగరానికి రెండేసి జతలు. రెండు ఖండితాలు కలిసిపోయి ఒక ఉంగరంగా ఏర్పడటం వల్ల ఇలా జరుగుతుంది. అందుకే దీని తరగతికి శాస్త్రజ్ఞులు డిప్లోపొడా అని పేరు పెట్టారు. అంటే జంట కాళ్ళవి అన్నమాట. తల వెనుక ఉన్న మొదటి ఉంగరానికి మాత్రం కాళ్ళే ఉండవు. తరువాతి మూడింటికి ఒక్కొక్క జత. అక్కడినుంచి జోడు జతలు మొదలవుతాయి.

స్వభావంలో ఈ రెండూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. జెర్రి వేటగాడు. దాని మొదటి జత కాళ్ళే విషపు కోరలుగా మారి ఉంటాయి. వేగంగా పరుగెత్తి పురుగుల్ని పట్టి తింటుంది, మనల్నీ కరుస్తుంది. రోకలిబండకు కోరలూ లేవు, కొండీ లేదు. రాలిన ఆకు, కుళ్ళిన కర్ర, నాచు, బూజు ఇవే దాని ఆహారం. మన వాళ్ళు పెట్టిన పేరు ఎంత చక్కనిదో చూడండి. గుండ్రని ఒళ్ళు, దాని మీద రోకలికి వేసిన పొన్నుల్లాంటి ఉంగరాలు వరసగా! చూసిన కళ్ళు పెట్టిన పేరు అది.

వెయ్యి కాళ్ళ లెక్క

సహస్రపాది అన్న పేరు చాలాకాలం వట్టి అతిశయోక్తిగానే ఉండేది. ఎక్కువ జాతుల్లో కాళ్ళు నాలుగు వందలు దాటవు. అమెరికాలోని కాలిఫోర్నియాలో దొరికే ఒక జాతికి 750 కాళ్ళు ఉండటమే ఎంతోకాలం రికార్డు. అయితే 2021లో పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి ఒక కొత్త జాతి వివరాలు ప్రకటించారు. గనుల అన్వేషణకు తవ్విన బోరు రంధ్రంలో, అరవై మీటర్ల లోతున దొరికింది అది. కళ్ళు లేవు, దారప్పోగులా సన్నం. ఒక ఆడదానికి లెక్కపెడితే 1306 కాళ్ళు! యూమిల్లిపీస్ పెర్సిఫోనీ అని దానికి నామకరణం చేశారు. పేరుకు తగ్గ మొదటి సహస్రపాది అదే.

పుట్టగానే ఇన్ని కాళ్ళు ఉండవు. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు సాధారణంగా మూడు జతల కాళ్ళే ఉంటాయి. కుబుసం విడిచిన ప్రతిసారీ తోక వైపున కొన్ని కొత్త ఉంగరాలు, వాటితోపాటు కొత్త కాళ్ళు చేరతాయి. కుబుసం విడిచే సమయం దానికి గండం లాంటిది. ఒళ్ళు మెత్తగా ఉంటుంది కాబట్టి మట్టిలో చిన్న గది కట్టుకుని అందులో దాక్కుంటుంది. పాత తొడుగును సాధారణంగా తనే తినేస్తుంది. ఆ తొడుగులో సున్నం ఉంటుంది. సంపాదించిన సున్నాన్ని వృథా చెయ్యడం దాని ఇంటా వంటా లేదు.

నడక చూడదగ్గది. ఇన్ని కాళ్ళూ ఒకదానికొకటి తగలకుండా ఎలా కదులుతాయి? ఒక్కో కాలు తన పక్క కాలికంటే రవ్వంత తేడాగా లేస్తుంది. దాంతో శరీరం పొడవునా అల వెనుక అల సాగినట్టు కనిపిస్తుంది, గాలికి వరిచేను ఊగినట్టు. ఈ నడకలో వేగం లేదు గాని బలం ఉంది. ఆ బలంతోనే అది తలను ముందుకు నెట్టి మట్టిని చీల్చుకుంటూ పోతుంది.

వంశం కూడా సామాన్యమైనది కాదు. స్కాట్లాండులో సముద్రపు ఒడ్డు రాతిలో ఒక రోకలిబండ శిలాజం దొరికింది. కనుగొన్నవాడు మైక్ న్యూమన్ అనే బస్సు డ్రైవరు. 2004లో దానికి ఆయన పేరే కలిపి న్యూమోడెస్మస్ న్యూమని అని నామకరణం చేశారు. దాని వయసు 40 కోట్ల సంవత్సరాలకు పైమాటే. గాలి పీల్చుకునే రంధ్రాలు స్పష్టంగా కనిపించే అతి పురాతన నేల జీవుల్లో అది ఒకటి. ఈ కుటుంబానికే బంధువైన ఆర్త్రోప్లూరా అనే జీవి 30 కోట్ల ఏళ్ళ పైచిలుకు క్రితం రెండున్నర మీటర్ల పొడవు పెరిగేది. మన గోడ మీద పాకేది ఆ ఇంటి చిన్న వారసుడు.

కుట్టదు, కాని కంపు కొడుతుంది

మా నాయనమ్మ చిన్నప్పుడు నాతో అనేది: "ఒరే నాయినా, అది కుట్టదు, కరవదు. కంపు మాత్రం కొడతాది. సెయ్యి కడుక్కో." పరీక్షలో రాసినా మార్కులు పడే సమాధానం అది.

రోకలిబండకు మొదటి రక్షణ చుట్ట చుట్టుకోవడం. మెత్తని కాళ్ళూ పొట్టా లోపలికి పోయి, గట్టి వీపు బయటికి వస్తుంది. అప్పటికీ శత్రువు వదలకపోతే రెండో ఆయుధం తీస్తుంది. శరీరం రెండు పక్కలా వరసగా చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. వాటినుంచి ఒక ద్రవం ఊరుతుంది. గుండ్రని ఒళ్ళు గల చాలా జాతుల్లో ఆ ద్రవంలో బెంజోక్వినోన్లు అనే రసాయనాలు ఉంటాయి. ఘాటైన వాసన, చేతికి అంటితే గోధుమ రంగు మచ్చ, కొన్ని రోజుల దాకా పోదు. కంట్లో పడితే ప్రమాదం. అందుకే పిల్లలు దాన్ని ముట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోకూడదు. వీపు చదునుగా ఉండే మరో రకం రోకలిబండలు హైడ్రోజన్ సైనైడునే తయారుచేస్తాయి. వాటిని నలిపితే బాదం పప్పు వాసన వస్తుంది. అది విషమే అయినా ఒక పురుగులో ఉండే పరిమాణం మనిషికి హాని చేసేటంతది కాదు. చీమలకూ పక్షులకూ మాత్రం గట్టి హెచ్చరిక.

అయినా దానికీ శత్రువులున్నాయి. కప్పలు తింటాయి. హంతక నల్లులు అనే కీటకాల్లో ఒక తెగ కేవలం రోకలిబండల వేటకే అలవాటుపడింది. ఎంత విషం ఉన్నా ఎవరో ఒకరు జీర్ణించుకుంటూనే ఉంటారు.

వానతో ఉన్న లంకె

వానాకాలంలోనే ఇవి ఎందుకు కనిపిస్తాయి? వాన కురిస్తే ఆకాశం నుంచి పడతాయని చిన్నప్పుడు మేమనుకునే వాళ్ళం. కారణం వాటి చర్మంలో ఉంది. ఎండకు తట్టుకునే మైనపు పొర చాలా కీటకాలకు ఒంటి నిండా ఉంటుంది. రోకలిబండలో ఆ ఏర్పాటు బలహీనం. పైగా గాలి పీల్చే రంధ్రాలను గట్టిగా మూసుకునే శక్తి కూడా దానికి లేదు. పొడిగాలి తగిలితే ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. అందుచేత వేసవంతా నేల లోతున, చెట్ల మొదళ్ళలో, రాళ్ళ కింద ముడుచుకుని పడి ఉంటుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నేల తడవగానే ఆహారానికీ జతకట్టడానికీ పైకి వస్తుంది. అదే వాన మరీ ఎక్కువై మట్టిలో నీరు నిలిస్తే గాలి ఆడదు. అప్పుడు గోడలెక్కి ఇళ్ళలోకి వస్తుంది. మన ఇంటి మీద దానికి ప్రేమా లేదు, పగా లేదు. అప్పటికి దాని ఇల్లు మునిగిందన్నమాట.

ఆడది గుడ్లను మట్టిలో పెడుతుంది. చాలా జాతులు మట్టినీ తమ మలాన్నీ కలిపి గుడ్లకు రక్షణగా గూడు కడతాయి. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి, ముందుముందు అవసరపడుతుంది. ఒకసారి జతకట్టిన ఆడది మగవాడి బీజాన్ని తనలో దాచుకుని తరువాత వాడుకోగలదు. ఐరోపాలో చెట్ల బెరడు కింద ఉండే ప్రొటెరాయులస్ ఫస్కస్ అనే సన్నని జాతి ఇంకొక అడుగు ముందుకు వేసింది. అందులో మగవి చాలా అరుదు. ఆడవే మగవాటి అవసరం లేకుండా సంతానాన్ని కంటాయి. అంటే ఒక్కటి ఎక్కడికి చేరినా అక్కడ ఒక ఊరు వెలిసినట్టే.

గత్తం కుప్పలో పని

మా వైపు పశువుల పెంటను, చెత్తను కలిపి వేసే ఎరువును గత్తం అంటాం. వేసవి చివర పొలానికి తోలేముందు గత్తం కుప్ప తవ్వితే పై పొర కింద, తేమ ఉన్నచోట రోకలిబండలు గుంపులుగా కనిపిస్తాయి. పాడు చెయ్యడానికి చేరినవి కావవి, పనిలోకి వచ్చిన కూలీలు.

ఒక రాలిన మామిడాకును తీసుకోండి. అది ఎంత దళసరిగా ఉంటుంది! బాక్టీరియాలకూ బూజులకూ దాన్ని కుళ్ళబెట్టాలని ఉన్నా పైన ఉన్న గట్టి పొర అడ్డం వస్తుంది. రోకలిబండ దాన్ని కొరికి, నమిలి, చిన్న చిన్న ఉండలుగా విసర్జిస్తుంది. అది తిన్నదాంట్లో ఒంటబట్టేది కొంచెమే. కాని ఆకు పిండి అయింది. పిండి అయినకొద్దీ సూక్ష్మజీవులకు చోటు పెరిగింది. తేమ నిలిచింది. ఆ ఉండల్లో సూక్ష్మజీవులు దండిగా పెరిగి, ఆకులో బందీగా ఉన్న పోషకాలను మట్టికి విడుదల చేస్తాయి. మర పట్టకుండా ధాన్యం వండుకోలేం కదా! నేలకు పిండిమర రోకలిబండ. వానపాము చేసే మేలు పుస్తకాల్లో కెక్కింది. దాని పక్కనే పనిచేసే దీని పేరు ఎవరూ ఎత్తరు.

కర్ణాటకలో మంగళూరు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆర్త్రోస్ఫీరా అనే రోకలిబండను ఇలాంటి పని కోసమే అధ్యయనం చేశారు. తోటల్లో రాలే వ్యర్థాలను దానిచేత తినిపించి ఎరువు తయారుచెయ్యవచ్చని వాళ్ళు చూపించారు. వానపాముల ఎరువు మనకు తెలిసిందే. రోకలిబండల ఎరువు దానికి చెల్లెలు వరస.

ఇప్పుడు మన పొలాల్లో జరుగుతున్నది చూడండి. మొక్కజొన్న దంట్లకు నిప్పు పెడతాం. చెరకు ఆకుకు నిప్పు పెడతాం. తోటలో ఆకులు ఊడ్చి గట్టున తగలబెడతాం. నల్లగా బూడిద కనిపిస్తే నేల శుభ్రమైందని తృప్తి. ఆ మంటలో కాలిపోయింది చెత్త ఒక్కటే కాదు. ఆ చెత్తను ఎరువుగా మార్చే కూలీల తిండి, గూడు, వాళ్ళ పిల్లలు కూడా కాలిపోయాయి. తరువాత అదే బలం కోసం సంచి ఎరువు కొంటాం. మా ఎర్ర నేలలకు అసలే సేంద్రియ పదార్థం తక్కువ. ఉన్నది కాల్చి, లేనిది కొనడం ఏ లెక్క ప్రకారం లాభమో నాకు అర్థం కాదు.

మన దేశపు రోకలిబండలు

ప్రపంచంలో ఇంతవరకు పేర్లు పెట్టిన రోకలిబండ జాతులు సుమారు పన్నెండు వేలు. ఆస్ట్రియా దేశస్థుడు కార్ల్ ఆటెమ్స్ 1936లో భారతదేశపు రోకలిబండల మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం దాన్ని ప్రచురించింది. ఆ తరువాత ఎనభై ఏళ్ళకు, 2016లో, గొలోవాచ్, వెసెనర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కలిసి మన దేశపు జాతుల జాబితా కట్టారు. అందులో 270 దాకా జాతులున్నాయి.

రంగును బట్టి జాతిని చెప్పడం కుదరదు. మగదాని ఏడో ఉంగరం దగ్గర కాళ్ళు జతకట్టేందుకు పనికివచ్చే అవయవాలుగా మారి ఉంటాయి. తాళానికి తాళంచెవిలాగా ఒక్కొక్క జాతికి ఒక్కొక్క ఆకారం. భూతద్దం కింద వాటిని చూసే జాతిని నిర్ణయిస్తారు. ఆడదాన్ని, పిల్లను పట్టుకొచ్చి పేరు చెప్పమంటే ఎంతటి నిపుణుడైనా తల గోక్కోవలసిందే.

దక్షిణాదిలో రోకలిబండలు ఎన్ని తీరులుగా బతుకుతాయో తెలియడానికి మూడింటిని పరిచయం చేస్తాను. మొదటిది జెనోబోలస్ కార్నిఫెక్స్. లిన్నేయస్ శిష్యుడైన ఫాబ్రీషియస్ 1775లోనే దీన్ని వర్ణించాడు. ఆకులతో నేసిన పాకల కప్పుల్లో చేరి, మనుషుల మీదా వంటపాత్రల్లోనూ రాలిపడుతుందని దీనికి అపకీర్తి. తాటాకు పాకలో పెరిగినవాళ్ళకు ఈ సంగతి నేను చెప్పనక్కర లేదు.

రెండోది పైన చెప్పిన ఆర్త్రోస్ఫీరా. ఇది చుట్టలా కాదు, గోళీకాయలా ముడుచుకుంటుంది. దక్షిణ భారతదేశం, సింహళం దీని నివాసం. విచిత్రం ఏమిటంటే దీని కుటుంబంలోని దగ్గరి చుట్టాలు ఎక్కడో ఆఫ్రికా పక్కన మడగాస్కర్ దీవిలో ఉన్నాయి! మధ్యలో హిందూ మహాసముద్రం. ఇవి ఈది వెళ్ళలేదు. సుమారు తొమ్మిది కోట్ల ఏళ్ళ క్రితం వరకు మన దేశమూ మడగాస్కరూ ఒకే భూఖండం. అది చీలి, మన ముక్క ఉత్తరానికి జరిగింది. అన్నదమ్ములు పంపకాల్లో విడిపోయినట్టు ఆ కుటుంబం చెరొక గట్టునా ఉండిపోయింది.

మూడోది ట్రైగోనియులస్ కొరల్లినస్. పగడం వంటి ఎరుపు కాబట్టి ఆ పేరు. కుళ్ళిన దుంగల్లో, ఎరువు కుప్పల్లో ఉంటుంది. దీని పుట్టిల్లు బర్మా, ఆగ్నేయాసియా ప్రాంతం. ఇప్పుడు ఇండియాలో, సింహళంలో, కరీబియన్ దీవుల్లో, అమెరికాలోని ఫ్లోరిడాలో కూడా కాపురముంటున్నది.

ఈ రెండో దానికీ మూడో దానికీ ఉన్న పోలికను గమనించండి. రెండూ తమంతట తాము కదల్లేదు. ఒకదాన్ని భూఖండం మోసింది. రెండోదాన్ని మనిషి మోశాడు. రోకలిబండ ప్రయాణించదు, మట్టి ప్రయాణిస్తుంది. మట్టి కదిలితేనే అది కదులుతుంది. నేను విప్పదలచుకున్న మొదటి ముడికి సమాధానం ఇదే.

మట్టితో పాటు ప్రయాణం

మనిషి మట్టిని ఎన్ని రకాలుగా మోస్తాడో ఆలోచించండి. తెరచాప ఓడల రోజుల్లో సరుకు తక్కువైనప్పుడు ఓడ ఒరిగిపోకుండా అడుగున రాళ్ళు, మట్టి నింపేవారు. చేరిన రేవులో ఆ మట్టిని ఒడ్డున పోసి సరుకు ఎక్కించుకునేవారు. ఐరోపా నేలలో బతికే ఎన్నో చిన్న జీవులు ఉత్తర అమెరికాకు చేరిన దారుల్లో ఇదొకటి. రెండో దారి మొక్కలు. వేళ్ళకు మట్టి ముద్దతో సహా మొక్కను పంపితే, ఆ ముద్దలో గుడ్లు, పిల్లలు, తేమ, తిండి అన్నీ సిద్ధం. రోకలిబండకు అంతకంటే మంచి మొదటి తరగతి పెట్టె ఏముంటుంది?

దీనికి చక్కని ఉదాహరణ ఆక్సిడస్ గ్రాసిలిస్. తూర్పు ఆసియాకు చెందిన ఈ చిన్న రోకలిబండకు కాఖ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1847లో నామకరణం చేశాడు. చలి దేశాల్లో ఉష్ణదేశపు మొక్కల్ని పెంచడానికి గాజు గదులు కడతారు. ఆ గదుల్లోని వెచ్చని మట్టి దీనికి అత్తిల్లయింది. నేడు గాజుగది రోకలిబండ అన్న అర్థం వచ్చే పేరుతోనే ఇంగ్లీషు వాళ్ళు దీన్ని పిలుస్తారు. ఆసియా బిడ్డకు ఐరోపా ఇంటిపేరు! ఎదురు దిక్కులో, ఐరోపా నుంచి బ్లానియులస్ గట్టులేటస్ వంటివి ఉత్తర అమెరికాకు వెళ్ళాయి. ఇది తెల్లని దారంలా ఉండి, రెండు పక్కలా ఎర్రని చుక్కలతో కనిపిస్తుంది. కళ్ళు లేవు. మగవాడు లేకుండానే సంతానం కంటుందని చెప్పిన ప్రొటెరాయులస్ కూడా అదే దారి పట్టింది.

మన తీరానికి వద్దాం. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూన్‌ను రంగం అంటారు. విశాఖపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి మన కూలీలు వేల సంఖ్యలో స్టీమర్లెక్కి రంగం వెళ్ళేవారు. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించినప్పుడు ఎందరో ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగి వచ్చారు. మనుషులతో పాటు బర్మా బియ్యం, టేకు కలప మన దేశానికి వచ్చేవి. మట్టిజీవుల రాకపోకలకు ఇలాంటి దారులే రహదారులు. ఓడల తరువాత రైళ్ళు. విజయనగరం నుంచి గజపతినగరం మీదుగా సాగే రైలుదారి 1931 నాటికి రాయపూర్ దాకా కలిసింది. రేవు పట్టణంలో ఆగిపోవలసిన సరుకు, మొక్క, మట్టి కొండల అవతలికి వెళ్ళడానికి అప్పటినుంచి వీలు కలిగింది.

ఈ రోజుల్లో అయితే లారీలు. తూర్పు గోదావరి జిల్లా కడియం ప్రాంతపు నర్సరీల నుంచి మొక్కలు దేశం నలుమూలలకూ పోతాయి. మా ఊళ్ళో మామిడి, కొబ్బరి, గులాబి ఏది నాటినా మొక్క ఒక ప్లాస్టిక్ సంచిలో, సంచి నిండా మట్టితో వస్తుంది. ఏ నర్సరీ మట్టి అయినా సజీవమైనదే. అందులో వానపాము ఉండవచ్చు, రోకలిబండ గుడ్డు ఉండవచ్చు, వేరుపురుగు కూడా ఉండవచ్చు. మనం కొనేది మొక్క ఒక్కటే అనుకుంటాం. నిజానికి ఒక చిన్న ఊరునే కొని తెస్తున్నాం.

రైళ్ళు ఆపిన పురుగులు

కొత్త ఊరు చేరిన వాటిలో చాలామట్టుకు అణకువగా బతుకుతాయి. ఎప్పుడో ఒకటి మాత్రం కట్టు తప్పుతుంది. స్పెయిన్, పోర్చుగల్ దేశాలకు చెందిన ఒమ్మాటోయులస్ మోరెలెటి అనే నల్లని రోకలిబండ 1953లో దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ లింకన్ రేవులో కనిపించింది. తన దేశంలో దాన్ని అదుపులో ఉంచిన శత్రువులు అక్కడ లేరు. శీతాకాలం ముందు వానలు పడగానే లక్షల్లో బయలుదేరి ఇళ్ళలో దూరడం మొదలుపెట్టింది. పట్టాల మీద పాకినవి చక్రాల కింద నలిగితే పట్టాలు నూనె రాసినట్టు జారతాయి. 2013 సెప్టెంబరులో పెర్త్ నగరం దగ్గర ఒక రైలు ఆగవలసిన చోట ఆగక, నిలిచి ఉన్న రైలును గుద్దుకుంది. పట్టాల మీద నలిగిన రోకలిబండలే కారణమని అధికారులు అనుమానించారు. వాటిని అదుపు చెయ్యడానికి అక్కడ ఒక సూక్ష్మమైన నులిపురుగును ఉపయోగిస్తున్నారు.

జపానులో కథ వేరు. అక్కడి రైలు రోకలిబండ పరాయిది కాదు, సొంత గడ్డదే. కొండ ప్రాంతాల్లో ఎనిమిదేళ్ళ కొకసారి గుంపులు గుంపులుగా బయటపడి పట్టాలెక్కేది. 1920లోనే రైళ్ళను ఆపిందని నమోదైంది. అది గుడ్డు నుంచి పెద్దదవడానికి సరిగ్గా ఎనిమిదేళ్ళు పడుతుందనీ, ఒక చోటివన్నీ ఒకే వయసువి కాబట్టి ఒకేసారి బయటపడతాయనీ అక్కడి శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి మట్టి తవ్వి చూసి 2021లో ప్రకటించారు. ఒక పురుగు కోసం అన్నేళ్ళు ఓపిక పట్టిన వాళ్ళను మెచ్చుకోకుండా ఉండలేం.

మిత్రుడా, శత్రువా?

సెలవులకు ఇంటికి వెళ్తే మా నాన్న నన్ను అడిగిన ప్రశ్న ఇదే. "నువ్వు సదూతున్న పుస్తకాల్లో దీని గురించి ఏటుందిరా? ఇది సేనుకి మంచిదా, సెడ్డదా?" రైతుకు ఔను కాదు అన్న జవాబు కావాలి. శాస్త్రం ఇచ్చే జవాబు కొంచెం పొడుగు.

రోకలిబండకు ఇష్టమైనది చచ్చిన ఆకు. పచ్చి మొక్క జోలికి అది వెళ్ళేది రెండు పరిస్థితుల్లో. ఒకటి, నేల ఎండిపోయి తేమ ఎక్కడా దొరకనప్పుడు. అప్పుడు లేత మొలకలూ దుంపలూ దానికి నీటికుండల్లా కనిపిస్తాయి. రెండు, అప్పటికే పుండుపడిన కాయ, దుంప దొరికినప్పుడు. ఐరోపాలో బంగాళాదుంప, స్ట్రాబెరీ పంటల్లో బ్లానియులస్ ఇలాగే చెడ్డపేరు తెచ్చుకుంది. వేరుశనగ పండించే మాకు ఇంకొక సంగతి ముఖ్యం. పశ్చిమ ఆఫ్రికాలో, ముఖ్యంగా సెనెగల్ దేశంలో, పెరిడాంటోపైజ్ అనే రోకలిబండలు మొలకల్ని తినడమే కాక లేత వేరుశనగ కాయలకు చిల్లులు పెడతాయి. ఆ చిల్లుల్లోంచి బూజు లోపలికి పోతుంది. కాబట్టి వీటికి కీడు చేసే శక్తి అసలే లేదనడం అబద్ధమవుతుంది.

నాన్నకు నేనిచ్చిన జవాబు ఇది: వడిలిన మొక్క మొదట్లో రోకలిబండ కనిపించగానే మందు డబ్బా తియ్యవద్దు. ముందు మొక్కను పీకి వేరు చూడాలి. వేరుకుళ్ళో, వేరుపురుగో ఉంటే మొక్కను చంపింది అదే. రోకలిబండ తరువాత వచ్చి శవసంస్కారం చేస్తున్నది. శవం దగ్గర చేరినవాళ్ళందరూ హంతకులు కారు. పొలంలో కుళ్ళే ఆకు ఉన్నంతకాలం దానికి పచ్చి మొక్కతో పని తక్కువ. ఆకు తగలబెట్టినవాడే దాన్ని మొలక మీదికి తోలుతున్నాడు.

ఒకప్పుడు గమేక్సిన్ పొడిని గుమ్మాల చుట్టూ, గత్తం కుప్ప మీదా ముగ్గుపిండిలా చల్లేవారు. బి.హెచ్.సి. అనే ఆ మందును మన దేశంలో 1997లో నిషేధించారు. నేలలో ఏళ్ళ తరబడి నిలిచి, పాలలోకీ ధాన్యంలోకీ చేరే గుణం దానిది. ఒక నిరపాయమైన పురుగు కోసం ఇంటిల్లిపాదికీ విషం చల్లుకోవడం ఎంత ఖరీదైన బేరమో ఆ అనుభవం నేర్పింది. ఇప్పుడు కొత్త డబ్బాలు వచ్చాయి. పాఠం మాత్రం మారలేదు.

మనం చెయ్యదగినది

ఇంట్లోకి వచ్చినవాటిని చేటలోకి ఊడ్చి గత్తం కుప్ప మీద వెయ్యండి. వాటి చోటు అదే. గోడ వారన ఆకులూ తడికర్రలూ పోగుపడకుండా చూసుకుంటే, గడప కింద సందులు పూడ్చితే చాలామట్టుకు లోపలికి రావు. పొలంలో ఆకు, దంటు తగలబెట్టకుండా గట్టున కుప్ప వేసి తడి తగిలేలా చూడండి. మొక్క కొని తెచ్చినప్పుడు నాటేముందు సంచి విప్పి ఆ మట్టిని ఒక తెల్లని గుడ్డ మీద పరిచి చూడండి. మీ ఊళ్ళో ఎన్నడూ చూడని పురుగు కనిపిస్తే మీ జంతుశాస్త్ర అధ్యాపకులకు చూపించండి. పోర్ట్ లింకన్ రేవులో మొదట్లోనే ఎవరైనా ఇలా చూసి ఉంటే ఆస్ట్రేలియా కథ ఇంకోలా ఉండేదేమో.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఈ అధ్యయనానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక భూతద్దం, ఒక నోటుబుక్కు చాలు. ఈ ఏడు తొలకరికి మీ పెరట్లో మొదటి రోకలిబండ ఏ తేదీన, ఏ కార్తెలో కనిపించిందో, ముందు రోజు ఎంత వాన పడిందో, ఎరుపో నలుపో, గుండ్రమో చదునో రాసుకోండి. చంపావతి ఒడ్డు పల్లంలో ఒకరు, సాలూరు కొండ వాలున ఒకరు, విశాఖ వసతిగృహపు తోటలో ఒకరు రాస్తే, రెండు మూడేళ్ళలో మన ప్రాంతపు రోకలిబండల పటం మన చేతుల్లోనే తయారవుతుంది. వచ్చే ఏటి సంచికకు ఆ పటం నేను పంపుతాను. మీ పెరటి లెక్క కూడా అందులో ఉండాలని కోరుతున్నాను.